తూలే నడకకు హేతువు

తెలుగు వాడుకలో అనుమానం అంటే సందేహం. ఒకరి మీద అనుమానం ఉన్నదంటే ఇంకా ఏదీ తేలలేదని అర్థం. న్యాయశాస్త్రంలో అదే శబ్దానికి దాదాపు విపరీతార్థం. అక్కడ అనుమానం ఒక ప్రమాణం. చూడని దానిని చూచిన దాని బలంతో నిశ్చయించే జ్ఞానసాధనం. ఒకే మాటకు ఇంతటి అర్థవిపర్యయం ఎట్లా కలిగిందో భాషావేత్తలు చెప్పవలసిందే. లోకంలో మాత్రం ఈ రెండూ తరచుగా ఒకదాని వేషం ఒకటి ధరిస్తాయి. సందేహమాత్రమైనది నిశ్చయజ్ఞానపు గొంతుతో మాట్లాడుతుంది. దాని ఫలం ఒక్కొక్కప్పుడు ఒక నిండు జీవితం మీద పడుతుంది.

గౌతముని న్యాయసూత్రాలు అనుమానాన్ని పూర్వవత్తు, శేషవత్తు, సామాన్యతోదృష్టం అని మూడు విధాలుగా విభజించాయి. శేషవత్తుకు వాత్స్యాయన భాష్యం ఇచ్చిన ఉదాహరణ సుప్రసిద్ధం. ఏరు నిండుగా, వేగంగా పారుతున్నది. కనుక ఎగువన వాన కురిసింది. కార్యాన్ని చూచి కారణాన్ని తెలుసుకోవడం ఇది. అయితే ఈ ఉదాహరణ చెప్పి శాస్త్రం ఊరుకోలేదు. ద్వితీయాధ్యాయంలో పూర్వపక్షి లేచి, ఎక్కడో అడ్డుకట్ట పడినా ఏరు నిండుతుంది గదా, దానికి వానే కురియవలసిన పని ఏమిటని ఆక్షేపిస్తాడు. భాష్యకారుని సమాధానం చాలా లోతైనది. నీరు పెరగడం ఒక్కటే హేతువు కాదు. ప్రవాహవేగం, నురుగు, కొట్టుకొనివచ్చే ఆకులు, కాయలు, కట్టెలు, వీటన్నిటితో కూడిన విశిష్టమైన నిండుదనమే హేతువు. కట్ట వల్ల నిలిచిన నీటికి ఆ లక్షణాలు ఉండవు. అందువల్ల అక్కడ తప్పినది అనుమానం కాదు, నురుగునూ ఆకులనూ చూడకుండానే తీర్పు చెప్పిన మనిషి.

సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు పరిసరాలలో, ఈ శేషవదనుమానం ఏ శాస్త్రమూ చదవనివారికి కూడా సుపరిచితం. నక్కవాగు నీటి రంగును, దాని మీది నురుగును చూచి ఎగువన ఏం వదిలారో చెప్పగల రైతులు అక్కడ తయారయ్యారు. ఆ నేలమీది కాలుష్యబాధ 1990లోనే సుప్రీంకోర్టు గడప ఎక్కింది. పటాన్‌చెరుకు దక్షిణాన రామచంద్రాపురం మండలంలో ఉన్న వెలిమెల ఆ వాగు ఒడ్డున లేదు. అయినా ఆ పారిశ్రామికవాడ నీడలోనే ఉంది. ఒకవైపు పొలాలు, మరొకవైపు ఔటర్ రింగు రోడ్డు, కొల్లూరు తెల్లాపూర్ల నుండి జరుగుతూ వచ్చే ఆకాశహర్మ్యాలు, తెల్లవారితే షేర్ ఆటోలలో కంపెనీలకు పోయే జనం. ఇట్టి చోట ప్రతి రోగానికీ రెండు కారణాలు ముందుగానే సిద్ధంగా ఉంటాయి. ఒకటి కంపెనీ, రెండవది కల్లు. సీసా అని కూడా చెప్పుకోవచ్చు.

ఆ రెండు కారణాల మధ్య చిక్కుకున్న ఒక మనిషిని భావన చేయవచ్చు. పేరు అక్కరలేదు. ఏభై దాటిన వయసు. పాతికేళ్ళుగా ఇనుప విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో లేతు మిషను మీద పని. వైద్యగ్రంథాలు వర్ణించిన ఒక అరుదైన వ్యాధిని యథాతథంగా అతని మీద ఉంచి చూస్తే, ఆ వ్యాధి ఆ గ్రామంలో ఎట్లా నడుస్తుందో, దానిని ఆ గ్రామం ఎట్లా చదువుతుందో బోధపడుతుంది.

మొదట పోయేది వినికిడి. అది ఒక్కసారిగా పోదు. సన్నని ధ్వనులు ముందు లుప్తమవుతాయి. మనుమరాలి పిలుపు, ఫోను మోత, కుక్కరు కూత. మాట వినబడినా మాటలోని అక్షరాలు విడివడవు. శబ్దం ఉంది, అర్థం లేదు. ఇంట్లోవారికి ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. మిషిన్ల మోతలో బతికిన చెవులు గదా. ఈ హేతువు అసంగతం కూడా కాదు. 1948 నాటి కర్మాగారాల చట్టపు మూడవ అనుబంధంలో మోత వల్ల వచ్చే చెవుడు ప్రకటించవలసిన వ్యాధుల పట్టికలోనే ఉండేది. తరువాత వాసన తగ్గుతుంది. పొయ్యి మీద కూర మాడుతున్నా తెలియదు. దానికీ సమాధానం సిద్ధమే; ఆ రసాయనాల గాలికి ముక్కులు ఎప్పుడో చచ్చిపోయాయంటారు.

ఆ తరువాత నడక. మెట్టు దిగేటప్పుడు కాలు ఎక్కడ పడుతుందో నమ్మకం ఉండదు. రెండు కాళ్ళ నడుమ ఎడం పెరుగుతుంది. చీకటిలో గోడ పట్టుకోవలసి వస్తుంది. చివరకు మాట కూడా తడబడుతుంది. అక్షరాలు సాగి, ఒకదాని మీద ఒకటి పడతాయి. దారిన పోయేవారికి ఇంక సాక్ష్యం ఏం కావాలి? "పొద్దుగాల్నే మొదలువెట్టిండు" అని ఒకరంటారు. మిషను దగ్గర ప్రమాదమని సూపర్‌వైజరు ఇంటికి పంపుతాడు. "ఇగ బంద్ చెయ్యరాదే నాయినా" అని కూతురు ఏడుస్తుంది. ఆయన పండుగకో పబ్బానికో తప్ప కల్లు ముట్టనివాడు. తాగలేదని ఒట్టు పెడతాడు. ఒట్టు పెట్టే గొంతు తడబడుతుంది గనుక ఆ ఒట్టే ఆయనకు ప్రతికూల సాక్ష్యమవుతుంది. పైగా చెవుడు, తన మీద ఏం చెప్పుకుంటున్నారో సగమే వినబడుతుంది. ఆ సగాన్ని మనస్సు పూరించుకుంటుంది, వినబడినదానికంటె దారుణంగా.

నైయాయికుల దృష్టితో చూస్తే ఇక్కడ జరిగింది హేత్వాభాసం. అందులోనూ సవ్యభిచారం. సాధ్యం ఉన్నచోటా లేనిచోటా కూడా కనబడే హేతువు దేనినీ సాధించలేదు. మద్యం తాగినవాడు తూలుతాడు, నిజమే. తూలే ప్రతివాడూ తాగినవాడు కాడు. పొగను బట్టి నిప్పును ఊహించవచ్చు గాని, నిప్పును బట్టి పొగను ఊహించరాదని తర్కసంగ్రహం చదివే విద్యార్థికి మొదటి పాఠాలలోనే చెబుతారు. తడికట్టెల సంబంధం ఉంటేనే నిప్పు పొగ విడుస్తుంది. ఎర్రగా కాలిన ఇనుపముద్దలో నిప్పు ఉంది, పొగ లేదు. లేతు మిషను మీద పాతికేళ్ళు ఇనుము కోసిన మనిషి విషయంలో ఆ ఇనుపముద్ద ఉదాహరణను మరిచిపోవడం విచిత్రమే.

మరొక దోషం కూడా ఉంది. అది ఇంకా సూక్ష్మమైనది. చెవికి ఒక కారణం, ముక్కుకు ఒక కారణం, కాలికి ఒక కారణం. మూడు కార్యాలకు మూడు కారణాలు కల్పించడం గౌరవం; ఒకే కారణం మూడింటికీ చాలితే దానిని స్వీకరించడం లాఘవం. శాస్త్రంలో గౌరవం దోషం. (తెలుగులో దాని అర్థం వేరే కావడం మరొక విచిత్రం.) ఒకే మనిషిలో, ఒకే కాలంలో, వినికిడీ వాసనా నడకా క్రమక్రమంగా క్షీణిస్తున్నప్పుడు వాటి మూలం ఒక్కటేమో అని అడగడమే లాఘవబుద్ధి. ఈ ప్రశ్న అడిగిన వైద్యుడి ముందు ఒక పేరు నిలుస్తుంది: సూపర్‌ఫిషియల్ సిడరోసిస్. సిడరోస్ అంటే గ్రీకు భాషలో ఇనుము. మెదడు ఉపరితలాన ఇనుము పేరుకొనడం అని తాత్పర్యం.

ఈ ఇనుము కంపెనీ నుండి వచ్చింది కాదు. లేతు మిషను చుట్టూ రాలే రజనుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది ఆయన రక్తంలోని ఇనుమే. సంస్కృతభాష ఈ సంబంధాన్ని తెలిసో తెలియకో దాచిపెట్టుకుంది. లోహితం అంటే ఎర్రనిది, అందువల్ల రక్తం. లోహం కూడా మొదట ఎర్రని ధాతువే, అంటే రాగి; కాలక్రమంలో ఇనుముకు పేరయింది. అమరకోశంలో లోహితం రక్తనామాలలోనూ, లోహం ఇనుము పేర్లలోనూ కనబడతాయి. ఇది చూచి మన పూర్వులకు హీమోగ్లోబిన్ తెలుసునని ఉత్సాహపడేవారు ఉంటారు. అది అనవసరమైన ఉత్సాహం. రెండు మాటలనూ కలిపింది ఎరుపు, రసాయనశాస్త్రం కాదు. ఋషులకు తెలియనిదాన్ని తెలుసునని చెప్పడం వారికి చేసే సేవ కాదు. వారు నిజంగా తెలుసుకున్నదాన్ని చదవకుండా తప్పించుకునే మార్గం మాత్రమే.

మానవశరీరంలోని ఇనుము మొత్తం మూడు నాలుగు గ్రాములకు మించదు. అందులో సుమారు మూడింట రెండు వంతులు రక్తకణాలలోని హీమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము. నాళాలలో తిరుగుతున్నంత వరకు అది ప్రాణవాయువును మోసే వాహకం. నాళం దాటి మెదడు చుట్టూ ఉన్న ద్రవంలో పడిన క్షణం నుండి అదే విషం.

మెదడూ వెన్నుపామూ ఒక స్వచ్ఛమైన ద్రవంలో తేలుతూ ఉంటాయి. ఆ ద్రవం పెద్దవారిలో సుమారు 150 మిల్లీలీటర్లు. రోజుకు 500 మిల్లీలీటర్ల దాకా కొత్తగా ఊరుతుంది గనుక దినానికి మూడు నాలుగు సార్లు పాతది పోయి కొత్తది వస్తుంది. ఎక్కడో ఒక సన్నని రక్తస్రావం ఈ ద్రవంలోకి చుక్కచుక్కగా దిగుతుందనుకుంటే, ప్రవాహం దానిని అన్ని మూలలకూ చేరవేస్తుంది. తలనొప్పి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. పక్షవాతం వంటి ఆకస్మిక విపత్తు ఏదీ జరగదు. ఎర్రకణాలు పగిలి, హీమ్ విచ్ఛిన్నమై, ఇనుము విడుదలవుతుంది. మెదడులోని పోషకకణాలు దానిని నిర్వీర్యం చేయడానికి ఫెరిటిన్ అనే ప్రోటీనులో బంధిస్తాయి. చుక్కలు ఆగనప్పుడు ఆ ఫెరిటినే ముద్దకట్టి హీమోసిడరిన్‌గా మారుతుంది. అంటే రక్షణకోసం చేసిన పనే క్రమేణ పూత అవుతుంది. పూత కింద నాడీకణాలు నశిస్తాయి. ఏళ్ళు పడుతుంది. ఒక్కొక్కరిలో దశాబ్దాలు.

చిన్నమెదడు దీనికి విశేషంగా లోనవుతుంది. అక్కడి బెర్గ్‌మన్ కణాలు ఫెరిటిన్‌ను సమృద్ధిగా తయారుచేయగలవు. చేయగలిగినవాటి మీదనే భారం ఎక్కువగా పడుతుంది. నడకనూ మాటనూ సమన్వయపరచేది చిన్నమెదడే గనుక తూలడం, మాట సాగడం. శ్రవణనాడి మరొక దురదృష్టవంతురాలు. మెదడు నుండి బయలుదేరిన తరువాత అది చాలా దూరం కేంద్రనాడీమండలపు పొరతోనే ఆ ద్రవం గుండా పోతుంది. తక్కిన నాడులకు ఆ దూరం బహుస్వల్పం. అందువల్ల చెవి ముందు పోతుంది. వాసననాడుల క్షయం కూడా ఇటువంటిదే.

1908లో హామిల్ అనే అమెరికన్ వైద్యుడు మెదడూ వెన్నుపామూ వాటి పొరలూ నల్లబడిన ఒక రోగి శవపరీక్షను ప్రకటించాడు. అప్పటినుండి చాలాకాలం ఈ వ్యాధి మరణానంతరమే తెలిసే వ్యాధి. ఆ నలుపు ఇనుమేనని నిరూపించే ఉపాయం అంతకుముందే దొరికింది. 1867లో మాక్స్ పెర్ల్స్ చూపిన రసాయనక్రియ చేత ధాతువులోని ఇనుము నీలవర్ణం పొందుతుంది. కాని సూక్ష్మదర్శిని కిందికి వచ్చేది చనిపోయినవారి మెదడే గదా. బ్రతికి ఉండగా చూపించినది ఎమ్మారై. ఇనుము అయస్కాంతక్షేత్రాన్ని కలతపెడుతుంది గనుక, తగిన పద్ధతిలో తీసిన చిత్రంలో చిన్నమెదడు ముడతల వెంబడి, మెదడుకాండం అంచున, కాటుక దిద్దినట్లు ఒక నల్లని రేఖ కనిపిస్తుంది. 1995లో బ్రిటిష్ వైద్యులు అప్పటివరకు తెలిసిన రోగులను సమీక్షించి, వినికిడి లోపం 95 శాతం మందిలో, నడక తడబాటు 88 శాతం మందిలో ఉన్నదని లెక్క చెప్పారు. చెవీ కాలూ కలిసి క్షీణించడం ఈ వ్యాధికి నురుగూ ఆకుల వంటిదన్నమాట. మోత వల్ల వచ్చిన చెవుడు ఆ మోతకు దూరమైన తరువాత సాధారణంగా పెరగదు. మద్యపు తూలుడు మద్యంతో వచ్చి మద్యంతో పోతుంది. నెలల తరబడి పని మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టినా చెవుడు పెరుగుతున్నదంటే, ఉదయం పరగడుపున కూడా కాలు తడబడుతున్నదంటే, ఎగువన మరేదో వాన కురుస్తున్నది.

ఆ వాన ఎక్కడ? రేఖను చూచినంత సులువుగా రక్తం ఊరే చోటు కనబడదు. ఎక్కువమందిలో అది మెదడులోనే ఉండదు. వెన్నుపామును కప్పిన గట్టి పొరలో ఎప్పటి దెబ్బకో, ఎప్పటి శస్త్రచికిత్సకో ఏర్పడిన చిరుగు అంచున సన్నని నాళాలు స్రవిస్తూ ఉండడం ముఖ్యమైన కారణంగా ఇప్పుడు గుర్తించారు. కొందరిలో మాత్రం దోషం రక్తనాళాల కూర్పులోనే ఉంటుంది. ఇక్కడ కొంచెం ఆగవలసి ఉన్నది.

గుండె నుండి ధమని, గుండెకు సిర. ఈ రెంటి నడుమ కేశనాళికల జాలం. వాటి వెడల్పు ఎంత స్వల్పమంటే ఎర్రకణాలు ఒకదాని వెనుక ఒకటిగా పోవలసిందే. ధమనిలోని ఒత్తిడి అంతా ఆ జాలంలో శమించి, రక్తం సిరలోకి సౌమ్యంగా ప్రవేశిస్తుంది. 1628లో రక్తప్రసరణను ప్రతిపాదించిన విలియం హార్వే ఈ కేశనాళికలను చూడలేదు. ధమనుల నుండి సిరలకు రక్తం ఏదో విధంగా దాటితే తప్ప లెక్క కుదరదని ఊహించాడు. 1661లో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిలో సూక్ష్మదర్శినితో వాటిని చూచాడు. శేషవదనుమానానికి ప్రత్యక్షం తరువాత వచ్చి సాక్ష్యం చెప్పిన ఇంత చక్కని దృష్టాంతం వైద్యచరిత్రలో అరుదు. వాత్స్యాయనుడు చూచి ఉంటే ఏటి ఉదాహరణ పక్కన చేర్చుకొని ఉండేవాడేమో.

సుశ్రుతుడు శారీరస్థానంలో 700 సిరలను, 24 ధమనులను చెప్పాడు. అవి నేటి వైద్యపు సిరాధమనులు కావు. మాటలు అవే అయినా విభాగం వేరు. చరకసంహిత ఆ పేర్లకు చెప్పిన వ్యుత్పత్తి మాత్రం స్మరణీయం. కొట్టుకొనడం వల్ల ధమని, సరించడం వల్ల సిర, స్రవించడం వల్ల స్రోతస్సు. చేసే పనిని బట్టి పేరు. కొందరి మెదడులో ఈ మూడు పనులూ కలగాపులగమవుతాయి. మధ్య జాలం లేకుండానే ధమని నేరుగా సిరలోకి తెరుచుకుంటుంది. ఆర్టీరియోవీనస్ మాల్‌ఫర్మేషన్ అనే ఈ చిక్కుముడి ప్రాయికంగా పుట్టుకతో వచ్చినదిగా భావిస్తారు. పలుచని గోడగల సిర ధమని ఒత్తిడిని భరించవలసి వస్తుంది. ఏడాదికి నూటికి ఇద్దరి నుండి నలుగురిలో అది చిట్లుతుందని అంచనా. చిట్లితే సాధారణంగా పెద్ద విపత్తే. చుక్కచుక్కగా కారడం అరుదు. కావర్నోమా మరొక విధం. మల్బరీ పండు వంటి నాళాల గుత్తి, ఒత్తిడి తక్కువ, నిశ్శబ్దంగా ఊరుతూ తన చుట్టూ ఇనుపవలయం గీసుకుంటుంది. ఇది దాదాపు రెండువందల మందిలో ఒకరికి ఉంటుందని, వారిలో చాలామందికి జన్మాంతం తెలియనే తెలియదని చెబుతారు. మెదడును కప్పిన పొరలో ధమనీ సిరా కలిసిపోతే డ్యూరల్ ఫిస్టులా. ఇది నడివయసు తరువాత ఏర్పడేది. కొందరికి దీని మూలంగా చెవిలో తమ గుండెచప్పుడే ఒక లయగా వినబడుతుంది. బయటి ధ్వనులు అస్తమిస్తున్న చెవిలో లోపలి రక్తం మ్రోగడాన్ని ఏ కవి కల్పించినా అతిశయోక్తి అంటారు.

అందువల్ల వెదకడం మెదడు చిత్రంతో ముగియదు. వెన్నుపాము మొత్తానికి ఎమ్మారై, ఆపై తొడ ధమని గుండా సన్నని గొట్టం పంపి రంగుమందుతో నాళాలను చిత్రించే ఆంజియోగ్రామ్. ఫిస్టులా దొరికితే ఆ గొట్టం గుండానే జిగురు వంటి పదార్థం పంపి మూయవచ్చు. చిరుగు దొరికితే కుట్టవచ్చు. కావర్నోమా అందుబాటులో ఉంటే తీసివేయవచ్చు. వెలిమెల నుండి ఇటువంటి పరీక్షకు పోవడమంటే హైదరాబాదు పోవడమే. పంజాగుట్టలోని నిమ్స్ వంటి పెద్ద దవాఖానలో ఓపీ చీటీ కోసం తెల్లవారుజామున బయలుదేరాలి. తూలేవాడికి తోడు ఒకరు కూలి మానుకోవాలి. తాగుబోతని ఇంటిల్లిపాదీ నమ్మినవాడికి ఆ తోడు ఎవరు వస్తారు? ఇక్కడే హేత్వాభాసం తర్కగ్రంథంలోని దోషంగా మిగలకుండా చికిత్సకు అడ్డుకట్టగా మారుతుంది. రోగమేమో ఆగదు. ఎగువన చుక్కలు పడుతూనే ఉంటాయి.

స్రావం ఆపితే కొత్త ఇనుము చేరదు. చేరినది అంత సులభంగా పోదు. పోయిన వినికిడి తిరిగి రావడమూ కష్టమే. డెఫెరిప్రోన్ అనే మాత్ర రక్తం నుండి మెదడులోకి దాటగలదు గనుక ఇనుమును లాగివేయగలదనే ఆశతో ఇస్తున్నారు. తలసేమియా రోగులకోసం ఈ మందు 1990ల నడుమ మొదట అనుమతి పొందింది భారతదేశంలోనే. కొందరిలో నల్లరేఖ పలుచబడింది. మనిషి నడక ఎంత మెరుగుపడుతుందన్నది వేరే ప్రశ్న. ఈ మందు అరుదుగానైనా తెల్లకణాలను ప్రమాదకరంగా తగ్గించగలదు. అందుచేత వారం వారం రక్తపరీక్ష చేయించుకుంటూ వాడవలసిన మాత్ర. గ్రామంలో ఉండేవాడికి ఆ వారంవారం అన్నదే మందుకంటె బరువు.

కల్లు మాట నిలవనప్పుడు మరొక మాట వస్తుంది: కర్మ. పూర్వజన్మలో ఏం చేశాడో అంటారు. దీనికి శాస్త్రప్రామాణ్యం ఉన్నదని భావిస్తారు గాని, ఆయుర్వేదపు మూలగ్రంథం అట్లా మాట్లాడలేదు. చరకసంహిత విమానస్థానం మూడవ అధ్యాయంలో, గాలీ నీరూ దేశమూ కాలమూ చెడిపోవడం వల్ల జనపదాలే నశించే విషయం చర్చకు వస్తుంది. పటాన్‌చెరు వాసులు చదువుకోదగిన అధ్యాయం అది. అక్కడే అగ్నివేశుడు ఆయుస్సు నియతమా అని అడుగుతాడు. ఆత్రేయుడు దైవం, పురుషకారం రెండూ కలిసే ఫలాన్ని నిర్ణయిస్తాయని, బలమైనది బలహీనమైనదాన్ని అడ్డుకుంటుందని చెబుతాడు. అంతా ముందే నియతమైతే ఔషధానికీ జాగ్రత్తకూ అర్థమే ఉండదని ఆయన వాదం. కర్మ ఒక అదృష్టకారణం. అది దృష్టకారణాన్ని వెదకవద్దని ఎక్కడా చెప్పలేదు. కర్మ అన్నమాటతో విచారణ ముగిస్తే ఆ మాట చెప్పినవాడి పురుషకారం అక్కడే ఆగిపోయింది. రోగి పూర్వజన్మను గురించి తీర్పు చెప్పగలవాడు కనీసం అతని ఈ జన్మలోని ఆడియోగ్రామ్‌ను చూచి ఉండాలి.

ఇక సాక్షిచైతన్యం. వినికిడికి వెనుక నిలిచి వినేదేది అని కేనోపనిషత్తు విచారిస్తుంది. ఛాందోగ్యంలో ఇంద్రియాలు తమలో తాము కలహించి, శ్రోత్రం ఏడాదిపాటు శరీరాన్ని విడిచివెళ్ళి తిరిగి వచ్చి, తాను లేకున్నా ఈ దేహం చెవిటివాని వలె బ్రతికే ఉన్నదని తెలుసుకుంటుంది. చెవి క్షీణిస్తున్నదని తెలుసుకునే జ్ఞానం క్షీణించదు. ఇది వేదాంతంలో నిలిచిన మాట. కాని ఈ మాట ఎవరు ఎవరికి చెప్పాలి? తనంతట తాను విచారించి ఆ మనిషి దీనిని పొందితే అది జ్ఞానం. ఎదురుగా కూర్చొని, నీవు ఇంద్రియాలకు అతీతుడవు, చెవి పోతే ఏమైందని వినికిడి ఉన్నవాడు ఉపదేశిస్తే అది వేదాంతం కాదు. ఆంజియోగ్రామ్ ఖర్చు తప్పించుకోవడం కావచ్చు. పైగా ఆ ఉపదేశం ఆయనకు వినబడదు.

బృహదారణ్యకంలో జనకుడు యాజ్ఞవల్క్యుణ్ణి అడిగిన ప్రశ్న ఈ సందర్భానికి మరింత దగ్గరిది. మనిషి ఏ వెలుగుతో వ్యవహరిస్తాడు? సూర్యునితో. సూర్యుడు అస్తమిస్తే చంద్రునితో, చంద్రుడూ లేనప్పుడు అగ్నితో, అగ్ని కూడా ఆరిపోతే వాక్కుతో. తన చేయి తనకు కనబడని చీకటిలో కూడా ఎక్కడ మాట వినబడితే అటువైపు మనిషి అడుగు వేయగలడు. వాక్కు కూడా శాంతించినప్పుడు ఆత్మే జ్యోతి అని యాజ్ఞవల్క్యుడు చెప్పిన చివరి సమాధానాన్ని అందరూ స్మరిస్తారు. దానికి ముందున్న మెట్టు మీద ఆగేవారు తక్కువ. చెవి పోయినవానికి ఆ క్రమం తిరగబడుతుంది. వాక్కు ముందుగా ఆరిపోయింది, మిగిలినది దీపం. పెదవుల కదలికను బట్టి మాటను గ్రహించాలంటే మాట్లాడేవారి ముఖం మీద వెలుగు పడాలి. కాలు ఎక్కడ ఉన్నదో తెలియాలంటే మెట్టు కనబడాలి. చీకటి పడ్డాక ఆయన గడప దాటనిది అందుకే, కల్లు కాంపౌండుకు పోవడానికి సిగ్గుపడి కాదు.

చిత్రంలోని నల్లరేఖను వైద్యుడు పెన్ను కొనతో చూపించి, "పెద్దాయన తాగలేదమ్మా, ఇది రక్తంలోని ఇనుము" అని చెప్పిన రోజు ఆ ఇంట్లో ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. కూతురు కాసేపు మాట్లాడదు. ఊరికి తిరిగివచ్చిన సాయంత్రం వాకిట్లో వెనుకగోడకు ఉన్న బల్బును విప్పి ఎదురుగోడకు పెట్టిస్తుంది, తండ్రి కూర్చునే చోటు నుండి చూస్తే తన ముఖం కనబడేటట్లు.